నురగ రాని క్లెన్సర్: సున్నితమైన చర్మానికి సెటాఫిల్ ఎంతవరకు పనికొస్తుంది?

సబ్బుతో ముఖం కడిగిన కాసేపటికే బుగ్గలు బిగుసుకుపోయి మండేవారికి, చలి మొదలవగానే పిక్కల మీద చర్మం పొలుసులుగా లేచి రాత్రిళ్లు దురదతో నిద్ర పట్టనివారికి, కొత్త క్రీము ఏది రాసినా దద్దుర్లు తేలేవారికి చర్మ వైద్యులు మందుచీటీలో తరచూ రాసే పేర్లలో సెటాఫిల్ జెంటిల్ స్కిన్ క్లెన్సర్ ఒకటి. నాది చిన్నప్పటి నుంచీ ఇట్టే ఎర్రబడే పొడి చర్మం. మా అమ్మకు అరవై దాటిన తర్వాత ముంజేతులు, కాళ్లు విపరీతంగా పొడిబారడం మొదలైంది. అందువల్ల మా ఇంట్లో ఈ సీసా చాలాకాలంగా ఉంటోంది. దీన్ని కొని నిరాశపడినవారిని గమనిస్తే, కొందరు దద్దుర్లు తగ్గించే మందు అనుకుని కొన్నారు, మరికొందరు ఖరీదైన సబ్బు అనుకుని కొన్నారు. చర్మంలో ఉన్నదాన్ని లాగేయకుండా పైపై మురికిని మాత్రమే తీయడం దీని పని. అంతకు మించి దీని నుంచి ఏమీ ఆశించకూడదు, కానీ ఆ ఒక్క పనినీ ఇది చాలా బాగా చేస్తుందని నా అభిప్రాయం.

ఇది 1947లో అమెరికాలోని టెక్సాస్‌లో ఒక ఫార్మసిస్టు చేతిలో పుట్టింది. ఇప్పుడు దీన్ని స్విట్జర్లాండ్ కేంద్రంగా ఉన్న గాల్డెర్మా సంస్థ అమ్ముతోంది. పాత తయారీలో సోడియం లారైల్ సల్ఫేట్ కొద్ది పాళ్లలో ఉండేది, నిల్వ కోసం కలిపే పారాబెన్లూ ఉండేవి. చర్మం ఎంత తేలికగా రేగుతుందో పరీక్షించే ప్రయోగశాలల్లో కావాలని మంట పుట్టించడానికి వాడే ప్రామాణిక రసాయనం ఈ సోడియం లారైల్ సల్ఫేటే కాబట్టి, సున్నితమైన చర్మం కోసమని చెప్పే సీసాలో అది ఎందుకుందని చాలామంది అడిగేవారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. కొన్నేళ్ల కిందట తయారీ మార్చి దాన్ని, పారాబెన్లను తీసేశారు. కొత్త సీసా మీద పదే పది పదార్థాలు కనిపిస్తాయి: నీరు, గ్లిజరిన్, సెటియరైల్ ఆల్కహాల్, పాంథెనాల్, నియాసినమైడ్, పాంటోలాక్టోన్, జాంథన్ గమ్, సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్, సోడియం బెంజోయేట్, సిట్రిక్ ఆమ్లం. పరిమళ ద్రవ్యం లేదు, రంగు లేదు.

ఈ జాబితాను కొంచెం నిదానంగా చదవడం అవసరం. మన దేశంలో సౌందర్య సాధనాల నిబంధనల ప్రకారం ఒక శాతానికి మించి ఉన్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి. ఒక శాతం, అంతకంటే తక్కువ ఉన్నవాటిని ఆ తర్వాత ఏ వరుసలోనైనా రాయవచ్చు. నీటి తర్వాత గ్లిజరిన్ వచ్చిందంటే తేమను పట్టి ఉంచే పదార్థమే ఇందులో పెద్ద భాగం అన్నమాట. మురికిని విడదీసే పదార్థం ఒక్కటే, అది సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్. కొబ్బరినూనెలోని కొవ్వు ఆమ్లాల నుంచి తయారయ్యే ఈ పదార్థం శుభ్రపరిచే రసాయనాల్లో మృదువైన వాటి కోవలోది. అది జాబితాలో ఎనిమిదో స్థానంలో, సాధారణంగా చాలా కొద్దిగా మాత్రమే వేసే జాంథన్ గమ్ తర్వాత కనిపిస్తోంది కాబట్టి దాని మోతాదు కూడా స్వల్పమేనని ఊహించవచ్చు. సెటియరైల్ ఆల్కహాల్ అన్న మాట చూసి భయపడనక్కరలేదు. అది స్పిరిట్ లాంటిది కాదు, మైనంలా ఉండే కొవ్వు పదార్థం. చర్మాన్ని ఎండగట్టకపోగా మెత్తబరుస్తుంది.

సబ్బు ఎందుకు పడదో తెలిస్తే ఈ కూర్పు విలువ తెలుస్తుంది. చర్మం పైపొరలో మృతకణాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి, వాటి మధ్య సందులను సెరమైడ్లు అనే కొవ్వులు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు పూడుస్తాయి. లోపలి నీరు ఆవిరై పోకుండా, బయటి రసాయనాలు లోపలికి చొరబడకుండా కాపాడేది ఈ పొరే. ఆరోగ్యంగా ఉన్న చర్మపు ఉపరితలం కొద్దిగా ఆమ్ల స్వభావంతో, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) సుమారు 5 దగ్గర ఉంటుంది. మామూలు సబ్బు బిళ్ల పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది. ఆ క్షారం తగిలినప్పుడల్లా పైపొర ఉబ్బుతుంది, సందుల్లోని కొవ్వు మురికితో పాటు కొట్టుకుపోతుంది. మంచి చర్మం కొన్ని గంటల్లో సర్దుకుంటుంది. పుట్టుకతోనే ఆ పొర బలహీనంగా ఉన్నవారికి సర్దుకునేలోపే మరో స్నానం వచ్చేస్తుంది. ఎగ్జిమా (చర్మం పొడిబారి, ఎర్రబడి, దురద పెట్టే దీర్ఘకాలిక సమస్య) ఉన్న కొందరిలో, చర్మం పైపొరను గట్టిపరిచే ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్‌కు సంబంధించిన జన్యువులో లోపం ఉంటుందని 2006లో శాస్త్రవేత్తలు కనుగొన్నారు. కాబట్టి “నీకే ఎందుకమ్మా ఇంత సుకుమారం” అని పెద్దవాళ్లు అనే మాటకు జవాబు కొంత మన కణాల్లోనే ఉంది. ఇటువంటి చర్మమున్న పిల్లలను మందలించడం మానేయాలి.

మన దగ్గర దీనికి నీళ్ల గొడవ కూడా తోడవుతుంది. ఆంధ్ర, తెలంగాణల్లో చాలా ఇళ్లలో స్నానానికి బోరు నీళ్లే గతి. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారతాయి. బకెట్ అంచున, బాత్‌రూమ్ గచ్చు మీద పేరుకునే ఆ తెల్లటి జిగట పొరను అందరూ చూసే ఉంటారు. అదే పొర కొంత మన ఒంటి మీద కూడా మిగిలిపోతుంది. ఎంత కడిగినా జిగటగా ఉన్నట్టు, ఆరాక బిగిసినట్టు అనిపించడానికి కారణం అదే. సబ్బు కాని ఇటువంటి క్లెన్సర్ ఉప్పునీళ్లలో ఆ తెట్టు కట్టదు. కృష్ణా నీళ్లు వచ్చే బంధువుల ఇంట్లో బాగా ఉన్న నా చర్మం బోరు నీళ్ల ఊరికి వెళ్లగానే రేగేది. సబ్బు మానేసి దీన్ని వాడటం మొదలుపెట్టాక ఆ తేడా బాగా తగ్గింది. బోరు నీళ్లతో స్నానం చేసేవారికి ఈ వస్తువు వల్ల కలిగే మేలు మిగతావారికంటే ఎక్కువని నేను గట్టిగా నమ్ముతాను.

సీసా వంచితే అరచేతిలోకి వచ్చేది వార్చిన గంజి చిక్కదనంలో ఉండే తెల్లటి ద్రవం. వాసన దాదాపుగా ఉండదు. చేతుల మధ్య రుద్దితే నురగ కట్టదు, జారుతూ పలచని పొరలా పరుచుకుంటుంది. మొదటిసారి వాడేవారు ఇక్కడే తప్పటడుగు వేస్తారు: నురగ రాలేదని మరికాస్త, మరికాస్త పోసుకుంటారు, గట్టిగా రుద్దుతారు. నురగకూ శుభ్రానికీ సంబంధం లేదు. వేళ్లు తడుపుకుని, రూపాయి బిళ్లంత తీసుకుని, నుదుటి నుంచి గడ్డం దాకా మునివేళ్లతో మెల్లగా అర నిమిషం తిప్పి గోరువెచ్చని నీళ్లతో కడిగేస్తే చాలు. చర్మం బాగా రేగి నీళ్లు తగిలినా మండే రోజుల్లో నీళ్లు లేకుండానే రాసి మెత్తటి నూలుగుడ్డతో అద్ది తీసేయవచ్చు. మంచం పట్టిన పెద్దవారి ఒళ్లు తుడవడానికి ఈ పద్ధతి ఎంతో ఉపయోగపడుతుంది. కడిగిన తర్వాత చర్మం మీద సన్నని నునుపు మిగులుతుంది. వేలితో రుద్దితే కీచుమనేంత శుభ్రానికి అలవాటుపడినవారికి అది జిడ్డులా తోచవచ్చు. నిజానికి ఆ కీచు శబ్దం చర్మంలోని కొవ్వంతా పోయిందనడానికి గుర్తు.

ఈ మృదుత్వానికి కొన్ని హద్దులున్నాయి. శుభ్రపరిచే పదార్థం ఇంత కొద్దిగా ఉన్న ఏ క్లెన్సరైనా నీటికి చెదరని సన్‌స్క్రీన్‌నూ, కాటుకనూ, పెళ్లిళ్లలో వేసుకునే మందపాటి మేకప్‌నూ ఒక్క కడుగులో పూర్తిగా తీయలేదు. అటువంటి రోజు ముందు మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్‌తో తుడిచి, ఆ తర్వాత దీనితో కడగడం మంచిది. మే నెల ఉక్కపోతలో చెమట, దుమ్ము, నూనె కలిసి పేరుకున్న మెడకూ వీపుకూ కూడా ఇది కొంచెం తక్కువే అనిపిస్తుంది. సోడియం బెంజోయేట్ కొందరికి తగిలిన చోట తాత్కాలికంగా ఎర్రదనం, దురద తెప్పించగలదు. నియాసినమైడ్ కూడా అరుదుగా కొందరికి చిమచిమలాడుతుంది. సున్నితమైన చర్మానికి తగినదంటే అందరికీ పడుతుందని కాదు, పడని అవకాశం తక్కువని మాత్రమే అర్థం.

ఖరీదు విషయానికొస్తే, సబ్బు బిళ్లతో పోల్చినప్పుడు ఇది చాలా ఎక్కువే. ఒళ్లంతా దీనితోనే తోముకుంటే మధ్యతరగతి ఇంటికి భారమవుతుంది. అయితే ఒళ్లంతా క్లెన్సర్ రాయవలసిన అవసరమే లేదు. ముఖం, చంకలు, గజ్జలు, పాదాలు ఇవే రోజూ శుభ్రపరచవలసిన భాగాలు. దుమ్ము పట్టని చేతులకూ కాళ్లకూ పొట్టకూ చాలా రోజులు ఒట్టి నీళ్లు సరిపోతాయి. మా అమ్మ పిక్కలకు సబ్బు ఆపేసి నీళ్లతో సరిపెట్టడమే సగం దురదను తగ్గించింది.

చాలామంది దీనికి బదులుగా టీఎఫ్ఎం (మొత్తం కొవ్వు పదార్థం) ఎక్కువున్న సబ్బు కొంటే సరిపోతుందంటారు. మన ప్రమాణాల ప్రకారం మొదటి తరగతి టాయిలెట్ సబ్బులో మొత్తం కొవ్వు పదార్థం కనీసం 76 శాతం, రెండో తరగతిలో 70, మూడో తరగతిలో 60 శాతం ఉండాలి. నాసిరకం సబ్బు కంటే మొదటి తరగతిది మేలే. కానీ ఆ అంకె సబ్బులో నింపుడు పదార్థాలు ఎంత తక్కువున్నాయో చెబుతుంది తప్ప క్షారగుణం తగ్గిందని చెప్పదు. 76 శాతమున్నా అది సబ్బే. పసిపిల్లల బొమ్మ వేసిన సబ్బుల్లో చాలావాటికి కమ్మటి వాసన ఉంటుంది. ఆ వాసన చర్మాన్ని రేపే పరిమళ ద్రవ్యాల నుంచే వస్తుంది. “హైపోఅలర్జెనిక్” (అలర్జీ తెచ్చే అవకాశం తక్కువ), “చర్మ వైద్యులు పరీక్షించినది” అన్న మాటలకు కచ్చితమైన కొలత లేదు. సీసా ముందు వైపున రాసినదాన్ని వదిలేసి వెనక్కి తిప్పి, పరిమళం (ఫ్రాగ్రెన్స్ లేదా పర్ఫ్యూమ్) అనే మాట ఉందో లేదో చూడటం ఎంతో నమ్మదగిన పద్ధతి. సెటాఫిల్ పేరుతో అమ్ముడయ్యే ఇతర రకాలకు కూడా ఈ జాగ్రత్త వర్తిస్తుంది. ఒక్కొక్కదాని కూర్పు ఒక్కోలా ఉంటుంది, పేరు చూసి అన్నీ ఒకటే అనుకోకూడదు.

ఇక సున్నిపిండి. పెసరపిండి, శనగపిండితో నలుగు పెట్టుకోవడం మనకు పండగ స్నానంలో భాగం. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. మెత్తగా జల్లించిన పెసరపిండి సబ్బులా క్షారం కాదు, మంచి చర్మానికి ఏ ఇబ్బందీ ఉండదు. అయితే రేగే స్వభావమున్న చర్మానికి రెండు చిక్కులున్నాయి. మొదటిది రాపిడి: బరకగా ఉన్న పిండిని ఆరనిచ్చి నలిచి తీస్తే అప్పటికే పలచబడిన పైపొర చీరుకుపోతుంది. బీరపీచుతో తోమినా అంతే. రెండోది చాలామందికి తెలియనిది. మంచి సువాసన కోసం, ఛాయ కోసం సున్నిపిండిలో కచ్చూరాలతో పాటు బావంచాలు కలిపి పట్టించడం మన ఇళ్లలో ఆనవాయితీ. బావంచాల్లో సోరలెన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని చర్మం మీద ఉంచుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలి, బొబ్బలెక్కి, నెలల తరబడి నల్లమచ్చలు నిలిచిపోయే ప్రమాదం ఉంది. తెల్లమచ్చల చికిత్సలో వైద్యులు ఇదే గుణాన్ని కొలతతో వాడుకుంటారు. సున్నితమైన చర్మమున్న పిల్లలకు పిండి పట్టించేటప్పుడు బావంచాలు వేయకండి. ముఖానికి నిమ్మరసం పూయడం కూడా మానాలి. నిమ్మరసానికి ఆమ్లగుణం చాలా ఎక్కువ, పైగా నిమ్మజాతి తొక్కల్లోని నూనెకు ఎండతో కలిసి కాల్చే గుణం ఉంది.

కడగడం కన్నా ఆ తర్వాత చేసేది ముఖ్యం. ఎంత మంచి క్లెన్సర్ వాడినా ఒళ్లు ఆరనిచ్చి వదిలేస్తే పొడిబారడం తప్పదు. స్నానం పది నిమిషాల్లో ముగించి, తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ఇంకా చెమ్మ ఉండగానే మూడు నిమిషాల లోపు వాసన లేని మాయిశ్చరైజర్ రాయాలి. అంత ఖర్చు పెట్టలేనివారికి సువాసన లేని తెల్లటి పెట్రోలియం జెల్లీ ఉంది. చవకైనది కాబట్టి నాసిరకమని అనుకోకండి. చర్మం నుంచి నీరు ఆవిరవడాన్ని అంత బలంగా ఆపే పూత మరొకటి దొరకడం కష్టం. చెమ్మగా ఉన్న పిక్కలకు దాన్ని పలచగా రాసి పైన పాత నూలుచీర ముక్క కట్టుకుని పడుకోవడం మా అమ్మకు సంక్రాంతి రోజుల్లో అలవాటు. ఎండాకాలంలో మాత్రం అది ముఖానికీ వీపుకూ వద్దు, చెమట రంధ్రాల దగ్గర ఉక్కపోసి చెమటకాయలు లేస్తాయి.

క్లెన్సర్ మార్చినా ముఖం మంట తగ్గడం లేదంటే ముఖానికి రాసినదాన్నే అనుమానించి కూర్చోకండి. నల్లటి హెయిర్ డైల్లోని పారాఫినిలీన్ డయామిన్ అనే రసాయనం పడనివారికి నుదురు, చెవులు, కనురెప్పలు ఉబ్బుతాయి; నల్ల హెన్నా పేరుతో అమ్మే పొడుల్లోనూ అది ఉండవచ్చు. బొట్టుబిళ్ల జిగురులోని రసాయనం కొందరికి నుదుటి మీద సరిగ్గా బిళ్లంత మేర తెల్లమచ్చ తెస్తుంది. కృత్రిమ రంగులు కలిపిన కుంకుమ వల్ల నల్లమచ్చ పడేవారున్నారు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది స్టెరాయిడ్ క్రీముల వాడకం. మా బంధువుల అమ్మాయి ఒకామె, రంగు తేలుతుందని ఎవరో చెబితే, మందుల షాపులో అడిగి తెచ్చుకున్న క్రీమును నెలల తరబడి ముఖానికి రాసింది. మొదట్లో నిజంగానే నునుపుగా, తెల్లగా కనిపించింది. తర్వాత బుగ్గల మీద సన్నని ఎర్రటి నరాలు తేలాయి, మొటిమలు వచ్చాయి, క్రీము ఆపిన రోజునల్లా ముఖం నిప్పు రాజుకున్నట్టు మండేది. తన చర్మం సున్నితమైనదని ఆమె అనుకుంది. చర్మాన్ని అలా చేసింది ఆ క్రీములోని మొమెటసోన్ అనే స్టెరాయిడ్. క్లోబెటసాల్, బీటామెథసోన్ వంటివీ ఇదే కోవలోవి. ఇటువంటి 14 రకాల పైపూత స్టెరాయిడ్లను 2018లో కేంద్ర ప్రభుత్వం షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఎగ్జిమాకు వైద్యులు కొద్ది రోజులకు, కొలతతో రాసిస్తే అవి మంచి మందులే. అప్పుడు భయపడి మానేయడమూ తప్పే. సొంతంగా తెచ్చుకుని ముఖానికి రోజూ రాయడం మాత్రం ఎవరూ చేయకూడదు. ఆ అమ్మాయిని చర్మ వైద్యుల దగ్గరికి తీసుకెళితే క్రీమును ఆపించే పద్ధతి చెప్పి, కోలుకునేదాకా ఇటువంటి క్లెన్సర్, వాసన లేని మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ తప్ప మరేదీ ముఖానికి తగలనివ్వవద్దన్నారు.

చుట్టూ ఉంగరంలా అంచు లేచి లోపల మానినట్టు కనిపించే దద్దు అయితే అది తామర కావచ్చు, చర్మం రసి కారుతూ తేనెరంగు పెచ్చు కడితే సూక్ష్మజీవులు చేరి ఉండవచ్చు. వీటికి క్లెన్సర్‌తో పని జరగదు, వైద్యుల దగ్గరికి వెళ్లాలి.

కొనదలచినవారు ముందు చిన్న సీసాయే తీసుకోండి. బిల్లు ఇచ్చే మందుల షాపులో, మూత ముద్ర చెదరనిది, బ్యాచ్ సంఖ్య, గడువు తేదీ స్పష్టంగా అచ్చయినది చూసుకోండి. ఇంటికి తెచ్చాక నేరుగా ముఖానికి రాయకుండా మోచేతి మడత దగ్గర రూపాయి బిళ్లంత మేర రోజుకు రెండుసార్లు రాసి, ఐదు నిమిషాలుంచి కడిగేయండి. వారం నుంచి పది రోజుల పాటు ఇలా చేసినా ఎర్రబడక, దురద రాకపోతే ముఖానికి మొదలుపెట్టవచ్చు. ఆ రోజుల్లో మరే కొత్త క్రీమూ, నూనే ప్రయత్నించకండి, లేకపోతే ఏది పడిందో, ఏది పడలేదో తేల్చుకోలేరు.